పిల్లి వల్లనే అలర్జీ అని తేల్చేది ఎలా?

ప్రశ్న: కిటికీపిల్లి

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. రెండున్నరేళ్ళ క్రితం వానలో తడిసి మా గుమ్మంలోకి వచ్చిన పిల్లిపిల్ల ఇప్పుడు ఇంటి మనిషే అయిపోయింది. పగలు కిటికీ గట్టు మీద, రాత్రి వాడి దిండు పక్కన దాని మకాం. ఏడాదిగా వాడికి తెల్లవారుజామున నిద్ర లేవగానే వరుసగా తుమ్ములు వస్తున్నాయి, ముక్కు కారుతోంది, కళ్ళు దురద పెడుతున్నాయి. నెలకు రెండు మూడు రాత్రులు దగ్గుతో లేచి కూర్చుంటాడు. అప్పుడు వాడి వీపుకు చెవి ఆనిస్తే లోపల పిల్లికూతలు స్పష్టంగా వినిపిస్తాయి.

ఈ మధ్య చేయించిన రక్తపరీక్షలో మొత్తం ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) 640 అని, విడివిడిగా చూస్తే పిల్లికి 1.9, దుమ్ము పురుగులకు (పరుపుల దుమ్ములో బతికే, కంటికి కనిపించనంత చిన్నవి) 22, కుక్కకు 0.6 అని వచ్చాయి. మూడింటి పక్కనా ‘పాజిటివ్’ అని ముద్రించారు. మేము కుక్కను ఎన్నడూ పెంచలేదు. ఆ కాగితం చూసిన వైద్యులు రెండు నిమిషాల్లోనే పిల్లిని పంపించేయమన్నారు. ఆ మాట చెవిన పడిన రోజు నుంచి మా వాడు తుమ్ము వస్తే దిండులో ముఖం దాచుకుని, చప్పుడు బయటికి రాకుండా తుమ్ముతున్నాడు.

పిల్లే కారణమని తేలితే దానికి వేరే మంచి ఇల్లు చూడడానికి మేము సిద్ధంగానే ఉన్నాము, కానీ తేలకుండా పంపడానికి మనసు ఒప్పడం లేదు. 1.9 అన్నది ఎక్కువా, తక్కువా? రక్తపరీక్ష అయిన తరువాత చర్మ పరీక్ష కూడా అవసరమా? పిల్లిని కొన్నాళ్ళు వేరే ఇంట్లో ఉంచి చూస్తే విషయం తెలిసిపోతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: సూదిమొన

కిటికీపిల్లి గారూ, నేను వైద్యుణ్ణి కాను. అలర్జీ విభాగంలో చర్మ పరీక్షలు చేసే సాంకేతిక సిబ్బందిలో చాలా ఏళ్ళు పనిచేశాను. మీ అబ్బాయిని చూసే వైద్యుల మాటకు నా మాట ప్రత్యామ్నాయం కాదన్న సంగతి గుర్తుంచుకుని చదవండి.

ముందు ఆ ‘పాజిటివ్’ అన్న మాట సంగతి చూద్దాము. ఒక పదార్థానికి విరుగుడుగా శరీరం ఐజీఈ రకం యాంటీబాడీలను తయారు చేసి పెట్టుకున్నదని మాత్రమే ఆ మాట చెబుతుంది. దీనిని సెన్సిటైజేషన్ అంటారు. ఆ యాంటీబాడీలు ఉన్నవారిలో కొందరు పిల్లిని ఒళ్ళో పెట్టుకుని గంటలు గడిపినా ఏమీ కాదు, మరికొందరు పిల్లి ఉన్న ఇంట్లో అడుగు పెట్టగానే కళ్ళు ఎర్రబడి బయటికి వస్తారు. పదార్థం తగిలినప్పుడు లక్షణాలు వస్తేనే దానిని అలర్జీ అనాలి. లీటరుకు 0.35 కిలోయూనిట్లు దాటితే పాజిటివ్ అనడం ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఇప్పటి యంత్రాలు 0.1 వరకు కూడా కొలవగలవు. అంకె పెరిగే కొద్దీ అది నిజమైన అలర్జీ అయ్యే అవకాశం పెరుగుతుంది గానీ, జబ్బు తీవ్రతను ఆ అంకె కొలవదు. కాబట్టి 22 ముందు 1.9 చిన్నదిగా కనిపించినంత మాత్రాన పిల్లి నిర్దోషి అనీ అనలేము, పాజిటివ్ అని ఉంది కనుక దోషి అనీ అనలేము.

మొత్తం ఐజీఈ 640 అన్న అంకెను ఈ ప్రశ్న వరకు పక్కన పెట్టేయండి. కడుపులో నులిపురుగులున్నా, ఎగ్జిమా ఉన్నా అది పెరుగుతుంది, దేని వల్ల అలర్జీ వస్తున్నదో మాత్రం చెప్పదు. కుక్కకు 0.6 రావడానికి మీ ఇంట్లో కుక్క ఉండనవసరం లేదు. పిల్లి, కుక్క శరీరాలలోని కొన్ని ప్రోటీన్లు, ముఖ్యంగా ఆల్బుమిన్లు, ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక ఒకదానికి తయారైన యాంటీబాడీ రెండవదానికి కూడా అతుక్కుంటుంది. పైగా ఈ ప్రోటీన్లు పెంపకందారుల బట్టలకు అంటుకుని బడులకు, వాహనాలకు, జంతువు లేని ఇళ్ళకు కూడా చేరతాయి.

చర్మ పరీక్ష మంచిదే, ఎందుకంటే రక్తంలో తిరిగే యాంటీబాడీని కాక, చర్మంలో అలర్జీ రసాయనాలను వదిలే మాస్ట్ కణాలు నిజంగా స్పందిస్తున్నాయా లేదా అన్నది అది చూపిస్తుంది. ముంజేతి లోపలి వైపు పెన్నుతో గుర్తులు పెట్టి, వాటి పక్కన రెండేసి సెంటీమీటర్ల ఎడంతో ద్రావణం చుక్కలు వేసి, ప్రతి చుక్కలోంచి పొట్టి మొన ఉన్న లాన్సెట్‌తో చర్మం పైపొరను గుచ్చుతారు. రక్తం రాకూడదు, వస్తే లోతుగా గుచ్చినట్టు. ఒక చుక్కలో హిస్టమిన్ (అలర్జీలో దురద, వాపు తెప్పించే రసాయనం) ఉంటుంది, అది తప్పకుండా ఉబ్బాలి. మరొక చుక్కలో ఉప్పునీరు ఉంటుంది, అది ఉబ్బకూడదు. పదిహేను ఇరవై నిమిషాల తరువాత స్కేలు పెట్టి కొలిస్తే, ఉప్పునీటి చుక్క కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బినదానిని పాజిటివ్‌గా తీసుకుంటారు. పిల్లలు సూదికి పెద్దగా ఏడవరు, ఆ పదిహేను నిమిషాలు గోకకుండా ఉండడానికే అవస్థ పడతారు. ఆయాసం అదుపులో లేని రోజున మాత్రం ఈ పరీక్షను వాయిదా వేస్తారు.

అయినా ఏ పరీక్ష కంటే ముందు నేను అడిగే ప్రశ్నలు ఇవి. వాడు పగటిపూట హాల్లో పిల్లితో ఆడుతున్నప్పుడు ఏమవుతుంది? అది నాకిన చోట దద్దుర్లు వస్తాయా? పిల్లులున్న వేరే ఇంటికి వెళితే ఏమవుతుంది? మీ ఇంటికి దూరంగా వారం, పది రోజులు గడిపినప్పుడు ఎలా ఉన్నాడు, తిరిగి ఇంట్లో అడుగు పెట్టిన మొదటి గంటలో ఎలా ఉన్నాడు? లక్షణాలు ఎక్కువగా ఉదయం పూట వస్తున్నాయంటే చూడవలసింది పరుపు వైపు. అయితే మీ ఇంట్లో ఆ పరుపు మీదే దుమ్ము పురుగులూ పిల్లీ కలిసి కాపురం చేస్తున్నాయి, చిక్కంతా అక్కడే ఉంది.

జవాబు 2: రెండుకుక్కలఇల్లు

పైవారు చెప్పిన హిస్టమిన్ చుక్క విలువ నాకు అనుభవం మీద తెలిసింది. నాకు చర్మ పరీక్ష చేసిన మొదటిసారి ఒక్క చుక్క కూడా ఉబ్బలేదు. నాకు ఏ అలర్జీ లేదని సంతోషించి లేవబోతుంటే, హిస్టమిన్ చుక్క కూడా ఉబ్బలేదు కాబట్టి పరీక్షే చెల్లదని చెప్పారు. ముందు రోజు రాత్రి జలుబు కోసం వేసుకున్న మాత్రలో అలర్జీ మందు కలిసి ఉందన్న సంగతి నాకు తెలియదు. వారం రోజులు యాంటీహిస్టమిన్లు ఆపి తిరిగి వెళితే చేయి నిండా దిమ్మలు లేచాయి. కుంగుబాటుకు వాడే కొన్ని పాత మందులకు కూడా ఈ గుణం ఉంది కాబట్టి, మీ వాడు వేసుకుంటున్న మందులన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వైద్యులను అడగకుండా ఏదీ ఆపవద్దు, ముఖ్యంగా ఉబ్బసానికి వాడే ఇన్‌హేలర్‌ను. రక్తపరీక్షకు ఈ ఇబ్బంది లేదు. మందులు వాడుతూ కూడా చేయించుకోవచ్చు.

నా కథలో రెండవ మలుపు కుక్క దగ్గర వచ్చింది. కుక్కకు పాజిటివ్ అని తేలాక మా ఇంట్లోని రెండింటినీ ఇచ్చేయమని అందరూ అన్నారు. నన్ను చూసే వైద్యురాలు మాత్రం కుక్క అని మొత్తంగా కాక, కుక్కలోని ఒక్కొక్క ప్రోటీన్‌కూ విడివిడిగా ఐజీఈ చూసే పరీక్ష రాశారు. నాకు ఉన్నది క్యాన్ ఎఫ్ 5 అనే ఒక్క ప్రోటీన్‌కే అని తేలింది. అది మగకుక్కల ప్రొస్టేట్ గ్రంథిలో తయారవుతుంది, ఆడకుక్కలలో ఉండదు. తిరిగి ఆలోచిస్తే, మా ఆడకుక్కను కౌగిలించుకున్న రోజుల్లో నాకు ఎన్నడూ ఏమీ కాలేదు. ఆ సంగతి నాకు కళ్ళ ముందే ఉన్నా, కుక్క అంటే ఏ కుక్కైనా ఒకటే అనుకోవడం వల్ల గమనించలేదు. పిల్లుల విషయంలో ఇలాంటి వెసులుబాటు లేదు. ఫెల్ డి 1 అనే ప్రధాన ప్రోటీన్ ఆడ, మగ తేడా లేకుండా అన్ని పిల్లులలోనూ ఉంటుంది, అయితే పరిమాణం పిల్లికీ పిల్లికీ చాలా మారుతుంది.

జవాబు 3: నేరుగా

ఇంత చర్చ ఎందుకండీ? పిల్లిని ఒక నెల రోజులు తెలిసినవారి ఇంట్లో ఉంచండి. తగ్గితే పిల్లి వల్ల, తగ్గకపోతే దుమ్ము వల్ల అని తేలిపోతుంది.

జవాబు 4: పాతపరుపు

నేరుగా గారూ, మీరు చెప్పిన పని మేము చేశాము, చేసి తప్పు నిర్ణయానికి వచ్చాము, అందుకే రాస్తున్నాను. ఫెల్ డి 1 పిల్లి లాలాజలంలోనూ, చర్మంలోని నూనె గ్రంథులలోనూ తయారవుతుంది. పిల్లి ఒళ్ళు నాక్కుంటున్నప్పుడు అది బొచ్చుకు పట్టి, ఎండి, కంటికి కనిపించని రేణువులుగా రాలుతుంది. అది చాలా జిగటగా పట్టుకునే పదార్థం. గోడలకు, తెరలకు, సోఫాలకు, పరుపులకు అంటుకుని, పిల్లి వెళ్ళిపోయిన తరువాత మామూలు స్థాయికి దిగడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. నెల తరువాత కూడా మా అమ్మాయి తుమ్ములు తగ్గకపోయే సరికి పిల్లి కారణం కాదని తీర్మానించి దానిని తిరిగి తెచ్చుకున్నాము. తరువాత ఆరు నెలలకు ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది.

పిల్లిని ఇంటి నుంచి పంపే బదులు, పిల్లవాడిని పిల్లి లేని ఇంటికి తీసుకువెళ్ళి చూడడం ఎక్కువ సమాచారం ఇస్తుంది. అక్కడ కూడా రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ఇంటి నుంచి తెచ్చిన దిండు, దుప్పటి, ఉతకని బట్టలు వెంట ఉంటే పిల్లి కూడా వెంట వచ్చినట్టే. రెండు, వెళ్ళిన ఇంటి పరుపులో కూడా దుమ్ము పురుగులు ఉంటాయి కాబట్టి, అక్కడ తగ్గకపోతే పిల్లి నిర్దోషి అని వెంటనే అనుకోకూడదు.

మరొక తేడా మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దుమ్ము పురుగుల అలర్జీ పదార్థం ఎక్కువగా వాటి మలంలో ఉంటుంది, ఆ రేణువులు కాస్త బరువైనవి. పరుపు దులిపినప్పుడో, దొర్లినప్పుడో లేచి, కొద్దిసేపటికే కిందికి దిగిపోతాయి. పిల్లి రేణువులలో చాలా భాగం అతి చిన్నవి కావడం వల్ల గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి, ఊపిరితిత్తుల లోపలి దాకా వెళతాయి. అందువల్ల పిల్లిని ముట్టకపోయినా, ఆ సమయానికి అది గదిలో లేకపోయినా, ఆ గదిలో కూర్చున్న అరగంటలో కళ్ళూ ముక్కూ మొదలుపెట్టాయంటే పిల్లి మీద అనుమానం బలపడుతుంది. దుమ్ము పురుగుల అలర్జీ ఉన్నవారికి ఊరికే కుర్చీలో కూర్చున్నంత మాత్రాన అలా జరగడం అరుదు.

ఇంకొక మాట. రోజూ పిల్లితోనే ఉండేవారిలో ముట్టుకోగానే తుమ్ములు రావడం వంటి నాటకీయమైన లక్షణాలు కనిపించకపోవచ్చు. ఎప్పుడూ కాస్త మూసుకుపోయి ఉండే ముక్కు, రాత్రి దగ్గు, అంతే. కొన్ని వారాలు దూరంగా ఉండి తిరిగి వచ్చిన రోజున అసలు రంగు బయటపడుతుంది.

జవాబు 5: కిటికీపిల్లి

మీ అందరికీ కృతజ్ఞతలు. సూదిమొన గారి ప్రశ్నలకు జవాబులు వెతుకుతూ రెండు రోజులు వాడిని గమనించాను, పాత సంగతులు కూడా గుర్తు చేసుకున్నాను.

హాల్లో పిల్లితో గంటసేపు ఆడినా పెద్దగా తుమ్మడు, ముక్కు మాత్రం రుద్దుకుంటూ ఉంటాడు. నిన్న సాయంత్రం అది వాడి మెడ నాకింది. గడియారం చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకు సరిగ్గా నాకిన చోట నాలుగు దద్దుర్లు లేచి, గంటలోపు మాయమయ్యాయి. ఇన్నాళ్ళూ వాటిని దోమకాట్లు అనుకున్నాము. వాడి పరుపు పిల్లి కంటే చాలా పాతది, దానికి తొడుగు కూడా లేదు. సెలవుల్లో పది రోజులు పిల్లి లేని ఇంట్లో ఉన్నప్పుడు పగలంతా బాగానే ఉన్నాడు గానీ, అటక మీద నుంచి దించిన పరుపు మీద పడుకున్న రెండవ రోజు ఉదయమే తుమ్ములు మొదలయ్యాయి. తిరిగి వచ్చిన సాయంత్రం మా హాల్లోనే కళ్ళు ఎర్రబడ్డాయి. ప్రయాణపు బడలిక అనుకుని వదిలేశాము.

ఇవన్నీ ఒకచోట రాసుకుని చూస్తే, పిల్లీ పురుగులూ రెండూ దోషులే అనిపిస్తున్నది. నేను అనుకుంటున్నది సరైనదేనా? అలా అయితే ఎవరి వాటా ఎంతో తేలేది ఎలా?

జవాబు 6: సూదిమొన

అమ్మా, ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఆ రిపోర్టు కంటే విలువైన కాగితం. ఈసారి వైద్యుల దగ్గరికి వెళ్ళినప్పుడు అంకెలకు ముందు ఆ పది నిమిషాల దద్దుర్ల సంగతి, తిరిగి వచ్చిన సాయంత్రం సంగతి చెప్పండి. నాకిన చోట దద్దుర్లు లేవడం పిల్లి విషయంలో 1.9 కేవలం కాగితపు అంకె కాదని సూచిస్తున్నది, అటక పరుపు సంగతి పురుగుల వైపు చూపిస్తున్నది. ఇలా రెండూ కలిసి ఉండడమే తరచుగా చూస్తాము.

వాటాలు తేల్చడానికి సూత్రప్రకారం ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. పరుపుకు, దిండుకు పురుగులు దాటలేని నేత తొడుగులు వేసి, దుప్పట్లను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి, నాలుగు వారాలు గమనించడం మొదటి మెట్టు. పిల్లిని పడకగదిలోకి రానివ్వకపోవడం రెండవ మెట్టు. రెండూ ఒకే రోజున మొదలుపెడితే, తగ్గినప్పుడు దేని వల్ల తగ్గిందో చెప్పలేము. అయితే ఇక్కడ నా సొంత అభిప్రాయం చెబుతాను. రాత్రిపూట పిల్లికూతలు వచ్చే బిడ్డ మీద ప్రయోగం శుద్ధంగా ఉండాలని పట్టుబట్టడం నాకు నచ్చదు. పిల్లిని ఈ రాత్రి నుంచే పడకగది బయట పడుకోబెట్టండి, తొడుగులు దొరికిన రోజున వేయండి. వాటాల లెక్క కాస్త మసకబారినా పరవాలేదు.

అంతకంటే ముఖ్యమైనది ఊపిరితిత్తుల పరీక్ష. ముక్కు గొడవలో ఛాతీ సంగతి మరుగున పడుతున్నది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు స్పైరోమెట్రీ గొట్టంలోకి ఊదగలడు. ఊపిరిగొట్టాలను వదులు చేసే మందు పీల్చక ముందూ పీల్చిన తరువాతా ఊదించి, మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి 12 శాతానికి మించి పెరిగితే అది ఉబ్బసాన్ని బలపరుస్తుంది. ఇంట్లో పీక్ ఫ్లో మీటరుతో (గాలి ఎంత వేగంగా ఊదగలరో కొలిచే చిన్న పరికరం) ఉదయం, సాయంత్రం మూడేసి సార్లు ఊదించి, మూడింటిలో పెద్ద అంకెను రాయండి. ఆ అంకె పక్కనే తుమ్ములు, దగ్గు, పిల్లి ఎక్కడ ఉంది, వాడు ఎక్కడ పడుకున్నాడు అన్నవి కూడా రాయండి. ఉబ్బసం అని తేలితే, పిల్లి కేసు తేలేదాకా దాని మందును ఆపి ఉంచకూడదు.

పిల్లిని పరీక్ష కోసం కావాలని ముఖానికి దగ్గరగా పెట్టి చూడడం వంటివి ఇంట్లో చేయవద్దు. అలర్జీ పదార్థాన్ని ముక్కులో వేసి చూసే పరీక్ష ఉన్నది గానీ, అది ఏర్పాట్లు ఉన్న చోట, నిపుణుల ఎదుట జరగవలసినది.

చివరగా, దిండులో దాచుకునే తుమ్ముల సంగతి. డైరీ నిజమైనది కావాలంటే ముందు వాడికి భయం పోవాలి. తుమ్మినంత మాత్రాన పిల్లిని పంపరని వాడికి చెప్పండి. చెప్పకపోతే మీ లెక్కలో సగం తుమ్ములు దిండుకే తెలుస్తాయి, పైగా ఆ ఇంట్లో పురుగులూ పిల్లి రేణువులూ అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆ దిండులోనే.

జవాబు 7: అక్వేరియం

విషయం దాదాపు తేలిపోయింది కనుక ఇదే ప్రశ్నతో వచ్చే ఇతరుల కోసం రెండు మాటలు. జంతువు ఇంట్లో ఉన్నంత మాత్రాన వచ్చిన ప్రతి దురదా అలర్జీ కాదు. చీలమండల చుట్టూ గుంపుగా ఎర్రని పొక్కులు వస్తుంటే పిల్లి ఒంటి మీది ఫ్లీ అనే గెంతే పురుగులు కుట్టి ఉండవచ్చు. గుండ్రంగా అంచు పొలుసు కట్టి మెల్లగా పెరిగే మచ్చ అయితే, పిల్లి నుంచి అంటుకున్న తామర అయ్యే అవకాశం ఉంది. పక్షులను పెంచేవారికి పంజరం శుభ్రం చేసిన కొన్ని గంటలకు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తుంటే అది ఐజీఈతో సంబంధం లేని వేరే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. దానికి చర్మ పరీక్ష చేయించుకుని నెగటివ్ వచ్చిందని ధైర్యపడడం ప్రమాదం. నా వరకు నేను చేపలను పెంచుతూ తుమ్మేవాడిని. చేపల వల్ల అలర్జీ ఏమిటని అందరూ నవ్వారు. తీరా చూస్తే, వాటికి వేసే ఎండబెట్టిన ఎర్రపురుగుల మేత డబ్బా మూత తీసిన ప్రతిసారీ తుమ్ములు వస్తున్నాయని నేనే కనిపెట్టాను.

వెంట్రుకలు పంపితే అలర్జీ చెబుతామనేవారిని, ఐజీజీ4 (ఐజీఈ కాని మరో రకం యాంటీబాడీ) పరీక్షతో పెద్ద జాబితా ఇచ్చేవారిని నమ్మవద్దు. ఐజీజీ4 ఉన్నదంటే ఆ పదార్థం శరీరానికి పరిచయం ఉన్నదని అర్థం, అంతే. అలర్జీ రాని జాతి కుక్క అని అమ్మేవారి మాట కూడా అలాంటిదే. అటువంటి కుక్కలున్న ఇళ్ళ దుమ్మును కొలిచి చూసినప్పుడు అలర్జీ ప్రోటీన్ తక్కువగా ఏమీ కనిపించలేదు.

జవాబు 8: కిటికీపిల్లి

వచ్చే వారం అలర్జీ నిపుణుల దగ్గర చర్మ పరీక్షకు, స్పైరోమెట్రీకి సమయం తీసుకున్నాము. యాంటీహిస్టమిన్ ఎప్పటి నుంచి ఆపాలో అడిగి రాసుకున్నాను. పిల్లి పడక హాల్లోకి మారింది. మొదటి రాత్రి తలుపు గీరుతూ అరిచింది, ఇప్పుడు సోఫా మీద సర్దుకుంది. పరుపు తొడుగు నిన్న వేశాము.

డైరీ రాసే పని మా వాడే తీసుకున్నాడు. మొదటి రోజు వాడి చేతిరాతలో ఇలా ఉంది: ‘పొద్దున్న తుమ్ములు 9. అందులో 2 దాచాను.’ ఆ రెండింటినీ కూడా లెక్కలో కలిపాను.